నల్లరేగడిలో బగ్గీ బండి



తొలకరి వానలు పడిన తర్వాత నాందేడు జిల్లాలో దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు వైపు పొలాల్లో నడిచినవారికి నల్లరేగడి సంగతి వేరే చెప్పనక్కరలేదు. పది అడుగులు వేసేసరికి చెప్పులకు మట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. చెప్పులు చేత పట్టుకుని నడవడమే మేలనిపిస్తుంది. అదే నేల వేసవిలో ఎండి, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి, రాయిలా గట్టిపడుతుంది. ఇలాంటి నేల మీద పరుగెత్తే ఒక చిన్న బండిని గురించి, దాన్ని మెరుగుపరిచే పద్ధతిని గురించి ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం. ఆ బండి పేరు బగ్గీ.

బగ్గీ అనగానే మనలో పెద్దవాళ్ళకు గుర్రబ్బండి గుర్తుకు రావచ్చు. ఇది అది కాదు. ఇనుప పైపులతో అల్లిన పంజరం, మధ్యలో ఒక్కరు కూర్చునే సీటు, ఆ సీటు వెనకాల చిన్న పెట్రోలు ఇంజను, నాలుగు లావుపాటి టైర్లు - ఇంతే బండి. తలుపులుండవు, అద్దాలుండవు. నగరాల్లో నున్నటి ట్రాకు మీద తిరిగే గో-కార్టుకు ఇది పొలాల్లో పెరిగిన అన్న అనుకోవచ్చు.

మొదటి గో-కార్టును 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన తయారుచేశాడు. గడ్డి కోసే యంత్రం కోసం చేసిన చిన్న ఇంజనును నాలుగు చక్రాల చట్రానికి బిగించాడు. 1964లో బ్రూస్ మేయర్స్ అనే మరో కాలిఫోర్నియా వాసి ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు భాగాలతో ఇసుక దిబ్బల మీద తిరిగే బగ్గీని తయారుచేశాడు. మెక్సికోలోని బాహా ద్వీపకల్పపు ఎడారిలో ఇటువంటి బండ్లు పందేలకు దిగాయి. ఆ ద్వీపకల్పం పేరుతోనే 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విద్యార్థుల పోటీ మొదలైంది. మన దేశంలో ఆ పోటీ 2007లో మధ్యప్రదేశ్‌లో ఇందోర్ దగ్గర పీథంపూర్‌లో ప్రారంభమైంది. మన పిల్లలు దీన్ని ‘బాజా’ అంటారు.

నాందేడు కూడా ఇంజనీరింగు చదువుకు పేరున్న ఊరే. గురు గోవింద్ సింగ్ తన చివరి రోజులు గడిపిన ఈ పట్టణంలో, ఆయన పేరు మీద 1981లో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల విష్ణుపురిలో ఉంది. ఇక్కడా, ఇటు నిజామాబాదు, హైదరాబాదులలోనూ చదివే మన పిల్లలకు బగ్గీ అంటే మహా మోజు. పుస్తకంలో చదివినదాన్ని చేతులతో చేసి చూసుకునే అవకాశం అది. చదువుకోని వెల్డింగు పనివాడికి కూడా అదే మోజు ఉంటుంది. అయితే ఇద్దరూ ఒకే చోట పొరబడతారు. బండి ఇంకా బాగా పరుగెత్తాలంటే ముందుగా ఏం చెయ్యాలి? పెద్ద ఇంజను పెట్టాలి అంటారు.

మా మేనల్లుడు కూడా అదే అన్నాడు. అతనిది ధర్మాబాదు దగ్గర ఒక పల్లె. డిప్లొమా చదివి, స్నేహితుడి వెల్డింగు షాపులో ఒక బగ్గీ కట్టాడు. చిన్న జనరేటరు మీది పది హార్స్‌పవర్ ఇంజను తెచ్చి బిగించాడు. నెల తిరగకుండానే నాకు ఫోన్ చేశాడు. “మామా, పెద్ద ఇంజన్ పెడితె ఇంక మంచిగ ఉరుకుతది గదా?” అని అడిగాడు. “ముందు బ్రేకులు చూసుకోరా” అన్నాను. నా మాట అతని చెవికెక్కలేదు. ఒక పాత 350 సి.సి. మోటారుసైకిలు ఇంజను కొని పెట్టాడు.

ఎండాకాలంలో, పత్తి తీసేసిన చేనులో తొలి పరుగు. బండి నిజంగానే దూసుకుపోయింది. కాని చేను చివర గట్టు ఉంటుంది గదా! బ్రేకు తొక్కినా బండి ఆగలేదు. ముందు చక్రం గట్టుకు తగిలి, ఇరుసు చెయ్యి వంకరపోయింది. బండి నడుపుతున్న స్నేహితుడికి భుజం ఎముక విరిగింది. ఆరు వారాలు చెయ్యి కట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ జూన్‌లో, మొదటి వాన తర్వాత, అదే చేనులో అదే బండి రెండు బారలు పోయి ఆగిపోయింది. ఇంజను హోరెత్తుతోంది, వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలదు. చివరికి పొరుగు రైతు ఎద్దులు కట్టి బయటికి లాగాడు. ఇరవై హార్స్‌పవర్ల బండిని రెండు ఎద్దులు లాగాయన్నమాట!

అలా ఎందుకు జరిగింది? దీనికి జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. వీలున్నవారు కాగితం, కలం తీసుకోండి.

బండి బరువు 180 కిలోలు, నడిపే మనిషి 70 కిలోలు, మొత్తం 250 కిలోలు అనుకుందాం. ఇంజను వెనక ఉంటుంది కాబట్టి ఇందులో 150 కిలోలు వెనక చక్రాల మీద పడతాయనుకుందాం. చక్రం బండిని ముందుకు నెట్టగల బలానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు చక్రం మీది బరువు, నేల ఇచ్చే పట్టు - ఈ రెండింటి మీద ఆధారపడుతుంది. గట్టి పొడి నేల బరువులో నూటికి 60 వంతుల పట్టు ఇస్తుందనుకుంటే, 150 కిలోలకు 90 కిలోల బలం. తడిసిన నల్లరేగడి అందులో సగమే, అంటే 30 వంతులే ఇస్తుందనుకుంటే 45 కిలోల బలం. నేల ఒప్పుకునేది అంతే. అంతకు మించి ఇంజను ఎంత నెట్టినా చక్రం జారి తిరుగుతుంది తప్ప బండి ముందుకు పోదు.

ఇప్పుడు ఇంజను వైపు చూద్దాం. పది హార్స్‌పవర్ల చిన్న ఇంజను తిప్పే బలం సుమారు రెండు కిలోగ్రాం-మీటర్లు. గేర్లు, చెయిన్లు కలిసి దాన్ని పది రెట్లు చేస్తే ఇరవై అవుతుంది. చక్రం ఇరుసు నుంచి నేలకు 28 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, నేల దగ్గర సుమారు 70 కిలోల నెట్టుడు బలం వస్తుంది. చెయిన్లలో, బేరింగుల్లో కొంత పోయినా 60 కిలోలు మిగులుతుంది. అంటే తడి నేల మీద ఆ చిన్న ఇంజనే ఎక్కువ! పొడి నేల మీద కొంచెం లోటు ఉంది కాని, ఆ లోటు గేరు మార్చి తీర్చుకోవచ్చు. విద్యార్థుల బాజా పోటీల్లో జట్లన్నిటికీ ఒకే రకం ఇంజను నిర్ణయిస్తారు. చాలా సంవత్సరాల పాటు అది 305 సి.సి., పది హార్స్‌పవర్ల బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజను. దాన్ని విప్పి మార్చకూడదు. అయినా ఒక జట్టు గెలుస్తుంది, ఒక జట్టు సగంలో ఆగిపోతుంది. తేడా ఇంజనులో లేదు, మిగతా బండిలో ఉంది.

కాబట్టి బగ్గీని మెరుగుపరచడం నేల దగ్గర మొదలుపెట్టాలి. నేలను తాకేది టైరు. రోడ్డు టైరులో గాలి గట్టిగా ఉంటుంది. పొలంలో తిరిగే లావు టైరులో చదరపు అంగుళానికి ఏడు నుంచి పది పౌండ్ల గాలి చాలు. గాలి తగ్గితే టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోట పంచుతుంది, దిగబడదు. మరీ తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. ఇక టైరు మీది గుబ్బలు. నల్లరేగడిలో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, జిగురవుతుంది. గుబ్బలు దగ్గర దగ్గరగా ఉంటే సందుల్లో ఆ మట్టి నిండి టైరు గుండ్రటి బంతిలా అయిపోతుంది. ఇక దానికి పట్టు ఉండదు. అందుకని ఈ నేలకు గుబ్బలు ఎత్తుగా, దూరం దూరంగా ఉన్న టైరు కావాలి. తిరిగేటప్పుడు మట్టి దానంతటదే రాలిపోవాలి. వరి మళ్ళలో దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప కేజీవీల్స్ వేసే రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు.

రెండోది గేరు. చెయిను తిరిగే పళ్ళ చక్రాన్ని స్ప్రాకెట్టు అంటారు. ఇంజను వైపు 12 పళ్ళు, ఇరుసు వైపు 48 పళ్ళు ఉంటే నిష్పత్తి నాలుగు. ఇరుసు వైపు 60 పళ్ళది వేస్తే నిష్పత్తి ఐదు అవుతుంది. నెట్టే బలం నూటికి 25 వంతులు పెరుగుతుంది, గరిష్ఠ వేగం 20 వంతులు తగ్గుతుంది. ఒక స్ప్రాకెట్టు ధరకు కొత్త ఇంజను కొన్నంత లాభం! పొలంలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎవరు పోతారు? గతుకుల్లో 25, 30 వేగాన్ని బలంగా పట్టుకుని పోవడమే అక్కడ గొప్ప.

కొందరు చెయినుకు ముందు బెల్టు, రెండు పుల్లీలు ఉండే పద్ధతి పెడతారు. మన దేశంలో 1984లో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరు నడిపినవారికి ఇది తెలుసు. గేరు మార్చే పని లేకుండా పుల్లీల పలకలే దగ్గరకూ దూరానికీ జరిగి నిష్పత్తిని మార్చుకుంటాయి. అందులో చిన్న చిన్న రోలర్లు ఉంటాయి. తేలికైన రోలర్లు వేస్తే ఇంజను ఎక్కువ చుట్ల దగ్గర, అంటే బలం ఎక్కువగా ఉన్న చోట నిలబడుతుంది. బురదలో, ఎత్తు ఎక్కేటప్పుడు అది పనికివస్తుంది. కాని బెల్టుకు బురద నీళ్ళు తగిలితే జారిపోతుంది, గాలి ఆడకపోతే వేడెక్కి తెగుతుంది. కాబట్టి దానికి మూత ఉండాలి, ఆ మూతకు ఎత్తున గాలి గొట్టం ఉండాలి.

మూడోది స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు. ట్రాకు మీది గో-కార్టుకు ఇవి ఉండవు, చట్రమే కొద్దిగా వంగి సర్దుకుంటుంది. పొలం బండికి ఇవే ప్రాణం. చక్రం గాలిలో ఉన్నంతసేపు ఇంజను బలం వృథా, స్టీరింగు వృథా, బ్రేకూ వృథాయే. చక్రం నేలను వదలకుండా చూడటమే స్ప్రింగు పని. ఇక్కడ రెండు పొరపాట్లు చూస్తుంటాం. ఒకటి, బండి అడుగు నేలకు తగులుతోందని స్ప్రింగు కింది నట్టును బిగిస్తారు. దానివల్ల బండి ఎత్తు పెరుగుతుంది కాని స్ప్రింగు గట్టిపడదు. గట్టి స్ప్రింగు కావాలంటే స్ప్రింగునే మార్చాలి. రెండోది, షాక్ అబ్జార్బరును ఎక్కడ బిగించాం అన్నది. చక్రానికి, చట్రానికి మధ్య ఉండే చెయ్యి పొడవులో సరిగ్గా సగం దగ్గర బిగిస్తే, చక్రం దగ్గర స్ప్రింగు గట్టితనం సగం కాదు, పావు వంతే ఉంటుంది. మోటారుసైకిలుకు సరిపోయిన షాక్ అబ్జార్బరు బగ్గీలో మెత్తగా కూలబడటానికి కారణం ఇదే. అలాగని బండిని మరీ ఎత్తు చెయ్యకూడదు. గడ్డి మోపు ఎత్తుగా వేసిన ఎడ్లబండి గట్టు వాలున ఎలా ఒరుగుతుందో, ఎత్తైన బగ్గీ మలుపులో అలాగే ఒరుగుతుంది.

నాలుగోది బరువు. పది కిలోలు తగ్గిస్తే ఆ మేరకు ఇంజను బలం పెరిగినట్టే. ముందుగా చక్రాలు, రిమ్ములు, హబ్బులు తేలిక చెయ్యాలి. చక్రం తేలికైతే గతుకు మీద వెంటనే లేచి వెంటనే దిగుతుంది. కాని నడిపే మనిషిని కాపాడే పంజరంలో ఒక్క పైపు కూడా తీయకూడదు. బాజా పోటీల నియమం ప్రకారం ముఖ్యమైన పైపులు 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉండాలి, లేదా వంపును తట్టుకోవడంలో వాటికి తీసిపోని ఉక్కు పైపులు కావాలి. ఉక్కులో కర్బనం కనీసం 0.18 శాతం ఉండాలి. ఇంటి నీళ్ళ పైపులు ఇందుకు పనికిరావు. వాటి మీది జింకు పూత వెల్డింగు వేడికి విషపు పొగ అవుతుంది, అతుకులో గాలి బుడగలు చేరి అతుకు బలహీనపడుతుంది. బండి బోల్తా పడ్డప్పుడు ఆ అతుకే మనిషి తలకు, నేలకు మధ్య ఉండేది.

ఇక బ్రేకులు. వరసలో ఐదోదిగా చెబుతున్నాను గాని, పనిలో ఇదే మొదటిది కావాలి. వేగం రెండింతలైతే ఆగడానికి కావలసిన దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. 20 వేగంలో ఐదు మీటర్లలో ఆగే బండికి 40 వేగంలో ఇరవై మీటర్లు కావాలి. మా మేనల్లుడి చేను గట్టు దగ్గర జరిగింది ఇదే. ఇంజను పెంచాడు, బ్రేకు పాతదే ఉంచాడు. బాజా పోటీల్లో పరుగుకు ముందే ఒక పరీక్ష ఉంటుంది. బండి వేగం అందుకున్నాక బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కసారి బిగుసుకుపోవాలి. బిగుసుకోకపోతే పందెంలోకి రానివ్వరు. ఆయిలు బ్రేకులకు రెండు వేర్వేరు గొట్టాల వరుసలు ఉండాలి. ఒకటి పగిలినా రెండోది పనిచేస్తుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి, సీసా తెరిచి ఏళ్ళ తరబడి ఉంచిన ఆయిలు పొయ్యకూడదు.

చివరిగా ఇంజను. దాన్ని మార్చకముందు ఉన్నదాన్ని సరిగా ఊపిరి పీల్చనివ్వాలి. ఎండాకాలంలో రేగడి దుమ్ము పిండిలా ఉంటుంది. గాలి వడపోత డబ్బాను చక్రాల దుమ్ముకు దూరంగా, ఎత్తున పెట్టాలి. తరచు శుభ్రం చెయ్యాలి. ఇంజను ఆయిలు మట్టం ప్రతిసారి చూడాలి. చాలా చిన్న ఇంజన్లలో ఆయిలును చిమ్మి తడిపే ఏర్పాటే ఉంటుంది. ఏటవాలులో ఆయిలు ఒక పక్కకు పోతే లోపల భాగాలు ఎండిపోతాయి. జనరేటరు, పంపు ఇంజన్లకు గవర్నరు అని ఒక భాగం ఉంటుంది. ఇంజను హద్దు మీరి తిరగకుండా అది పట్టి ఉంచుతుంది. కొందరు వేగం కోసం దాన్ని తీసేస్తారు. అది చాలా ప్రమాదం. ఆ చిన్న ఇంజను లోపలి కనెక్టింగ్ రాడ్డు, ఫ్లైవీలు ఆ చుట్లను తట్టుకోవు. విరిగిన ముక్క డ్రైవరు వీపు వెనకే ఉంటుందని మరిచిపోకండి.

ప్రమాదం మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పక తప్పదు. 2020 అక్టోబరులో హైదరాబాదు శివార్లలో, గో-కార్టు ట్రాకు మీద, ఒక యువతి జుట్టు చక్రంలో చిక్కుకుని ఆమె ప్రాణం పోయింది. అది గతుకుల నేల కాదు, నున్నటి ట్రాకు. సీటు వెనకే తిరిగే ఇరుసు, చెయిను ఉన్న బండి ఏదైనా అంతే. జుట్టు ముడివేసి హెల్మెట్టు లోపల దాచాలి. చున్నీ, మఫ్లరు, మెడలో తువ్వాలు ఉండకూడదు. చెయినుకూ ఇరుసుకూ రేకు మూత ఉండాలి. నడుముకూ భుజాలకూ కలిపి పట్టీలు, చేతికందేంత దూరంలో ఇంజను ఆపే మీట, మంటలార్పే సిలిండరు ఉండాలి. బండి బయట నిలబడినవాడికి అందేలా ఇంకొక మీట కూడా ఉండాలి. వీటిలో ఏదీ ఒక పెద్ద ఇంజను కన్నా ఖరీదైనది కాదు.

చట్టం మాట కూడా ఒకటి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేని బండిని రోడ్డు మీద నడపకూడదు. ఇంట్లో కట్టుకున్న బగ్గీకి స్థానం సొంత పొలం, లేదా పోటీ ట్రాకు. ఊరి రోడ్డు మీదికి తేకూడదు. తెచ్చి ఎవరికైనా తగిలితే ఆ కుటుంబానికీ, మన కుటుంబానికీ కూడా కష్టమే.

ఈ పనులన్నీ ఒకేసారి చెయ్యకండి. ఒక్క మార్పు చెయ్యండి. అదే చేనులో, అదే మనిషి, అదే దారిలో మూడు చుట్లు తిరిగి ఎంత సమయం పట్టిందో పుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాతే రెండో మార్పు. రెండు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల మేలు జరిగిందో, దేనివల్ల కీడు జరిగిందో తెలియదు.

మా మేనల్లుడు చివరికి ఆ పెద్ద ఇంజను అమ్మేశాడు. పాత పది హార్స్‌పవర్లదే మళ్ళీ బిగించాడు. వచ్చిన డబ్బుతో నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, గుబ్బల టైర్లు, ఒక పెద్ద స్ప్రాకెట్టు కొన్నాడు. షాక్ అబ్జార్బరును చక్రం వైపు జరిపి బిగించాడు. భుజం విరిగిన స్నేహితుడే పట్టీలు కుట్టించి తెచ్చాడు. మరుసటి వానాకాలంలో అదే చేను చుట్టూ ఆ బండి నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా తిరిగింది. గట్టు దగ్గరికి వచ్చి ఆగింది. గట్టు మీద నిలబడి చూస్తున్న పొరుగు రైతు, “ఈసారి నా ఎడ్లతోని పని పడలే గద” అన్నాడట.

బండి బలం ఇంజనులో పుడుతుంది, నిజమే. కాని అది పనికివచ్చేది నేల దగ్గర, దాన్ని అదుపులో ఉంచేది బ్రేకు దగ్గర. బగ్గీ కట్టాలనుకునే మన యువకులు ముందు బ్రేకు, తర్వాత టైరు, ఆ తర్వాత గేరు, స్ప్రింగులు, బరువు - అన్నిటికన్నా చివర ఇంజను అన్న వరసను గుర్తుంచుకుంటే, బండి బాగుంటుంది, నడిపేవాడూ క్షేమంగా ఇంటికి చేరతాడు.